పిల్లనిచ్చేవాళ్ళు ఏం అడుగుతున్నారు?

(అనంతపురంలో ఒక ఆదివారం సాయంత్రం, రిటైరైన సోషల్ టీచరమ్మ ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, పర్వాలేదు.

ఒక్కో తరం ఎక్కడ ఉండాలనుకుంటోంది, ఎందుకు అనుకుంటోంది, ఇదీ నాకు ఇచ్చిన అంశం. దీనికి జనాభా లెక్కలు తియ్యొచ్చు, తీస్తాను కూడా. అంతకంటే ముందు మీరొకటి గుర్తు చేసుకోండి. మీ ఇంట్లో సంబంధం మాట్లాడుకునేటప్పుడు ఆడపిల్ల తరఫువాళ్ళు ఏం అడిగారు? కట్నం సంగతి వదిలేయండి, కులం గోత్రం అప్పటికే చూసుకుని ఉంటారు, అవీ వదిలేయండి. మా పిల్ల ఎక్కడ కాపురం చెయ్యాలి, అక్కడ ఏముంది, ఏం లేదు అని అడుగుతారు చూడండి, ఆ ప్రశ్న. మా అవ్వ పెళ్ళికి ఒకటి అడిగారు, మా అమ్మకు ఒకటి, నాకు ఒకటి, మా పాపకు ఇంకొకటి. ఈ ప్రశ్నల్ని వరసగా పెట్టుకుని చూస్తే మన సీమలో మనుషులు ఊళ్ళు ఎందుకు మారారో చాలావరకు తెలిసిపోతుంది. ఇల్లు ఎక్కడ కట్టాలో మగవాళ్ళే తేల్చారని అనుకుంటాం, పట్టా వాళ్ళ పేరు మీద ఉంటుంది కాబట్టి. కానీ చూడండి, పిల్లనివ్వడానికి జనం వెనకాడిన ఊరు ఏదైనా రెండు తరాలు గట్టిగా నిలబడిందా? నాకైతే కనపడలేదు.

మా అవ్వ కాలంలో ప్రశ్న ఏమిటంటే, నీళ్ళు ఎంత దూరం. అంతే. భూమి ఎన్ని ఎకరాలు అన్నది తర్వాత. మన జిల్లా సగటు వాన సంవత్సరానికి 552 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి, ఈశాన్యం వానలేమో తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. రెండూ మనకు మిగిల్చేది కొంచెమే. అందుకని మనవాళ్ళు చెరువు కట్ట కింద ఊరు పెట్టుకున్నారు. బుక్కరాయసముద్రం చూడండి, ధర్మవరం చూడండి, బుక్కపట్నం చూడండి. చెరువు నిండితే వరి, నిండకపోతే జొన్న, అదీ లేకపోతే వలస. కర్నూలు, కడప వైపు కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలవ, కింద ఊళ్ళకు పిల్లనివ్వడానికి పోటీ పడేవాళ్ళు. ఇక్కడ హెచ్చెల్సీ, అంటే తుంగభద్ర ఎగువ కాలవ, వచ్చాక కాలవ కింద ఊరు అంటే చాలు, మిగతా లోపాలు చూసీచూడనట్టు పోయేవాళ్ళు.

ఎందుకంటారు? నీళ్ళు మోసేది ఎవరు? ఆ పిల్లే కదా మొయ్యాల్సింది. దిగుడు బావిలో మెట్లు దిగి, కడవ నింపి, మళ్ళీ ఎక్కి, ఎండలో ఇంటికి. రోజుకు ఎన్నిసార్లు? కడుపుతో ఉన్నా అంతే, బాలింత అయినా అంతే. తల్లికి ఆ కష్టం తెలుసు కాబట్టి తల్లి అడిగేది. మగవాళ్ళు అరుగు మీద కూర్చుని పొలం సంగతి మాట్లాడుకుంటుంటే, లోపల ఆడవాళ్ళు బావి ఎంత లోతు, వేసవిలో ఊరుతుందా అని గుచ్చి గుచ్చి అడిగి, అక్కడే తేల్చేసేవాళ్ళు.

కరువు వస్తే ఈ లెక్కలేవీ ఉండవు. 1876లో మొదలైన ధాత కరువు గురించి మా అవ్వ వాళ్ళ అవ్వ చెప్పింది విని మాకు చెప్పేది, అప్పుడు ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయని. 1952 కరువులో గంజి కేంద్రాలు పెట్టారు, ఆ క్యూలో నిలబడినవాళ్ళు కొందరు ఇప్పటికీ మన ఊళ్ళలో ఉన్నారు, వెళ్ళి అడగండి. పిల్లలూ, మీకు చెప్తున్నాను, ఎండాకాలం సెలవుల్లో చెయ్యాల్సిన పని అది. వాళ్ళు పోయాక ఎవరినీ అడగలేరు.

తర్వాత ప్రశ్న మారింది. బోరు పడిందా అని అడగడం మొదలుపెట్టారు. 80ల్లో, 90ల్లో అదే మాట. ఊరంతా చెనక్కాయ, లక్షల ఎకరాలు చెనక్కాయే, ఒక బోరు పడితే కాస్త వరి, ఒక మల్బరీ తోట. ఆ తోట చూసి పిల్లనిచ్చేవాళ్ళు. బోరు ఎండిపోతే ఇంకొకటి, అదీ ఎండితే ఇంకొకటి, అప్పు మీద అప్పు. ఈ కథ మీకు నేను చెప్పక్కర్లేదు, ఈ హాల్లో సగం ఇళ్ళ కథ అది. అదే రోజుల్లో, 90ల్లోనే, సత్యసాయి ట్రస్టు మన జిల్లాలో వందల ఊళ్ళకు తాగునీటి పైపులు వేయించింది. కొళాయి వచ్చింది. కొళాయి వచ్చాక ఆడవాళ్ళకు రోజులో కొన్ని గంటలు మిగిలాయి, ఆడపిల్లలకు బడికి పోయే వీలు దొరికింది. నేను పాఠం చెప్పిన ఊళ్ళలో నీళ్ళు ముందు వచ్చినచోట ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఆడపిల్లలు నిలబడ్డారు. నేను కళ్ళారా చూశాను. నీళ్ళు వస్తే జనం ఊళ్ళోనే ఉండిపోతారని అందరం అనుకున్నాం. జరిగింది వేరు. నీళ్ళు వచ్చాక పిల్లలు చదివారు, చదివాక బయటికి పోయారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ నాకు కనిపించదు.

ఇక మా తరం. మా తరానికి అడిగిన ప్రశ్న, అబ్బాయిది గవర్నమెంటు ఉద్యోగమా, టౌన్లో కాపురం పెడతారా. ఆ రెండో ముక్క గమనించండి. పోస్టింగు ఊళ్ళో, కాపురం టౌన్లో. పొద్దున్నే అనంతపురం బస్టాండుకు వెళ్ళి చూడండి. టీచర్లు, నర్సులు, బ్యాంకువాళ్ళు, 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయం ఉద్యోగులు, అందరూ ఊళ్ళకు పోయే బస్సులు ఎక్కుతుంటారు. అదే టైముకు ఊళ్ళ నుంచి వచ్చే బస్సుల్లో కాలేజీ పిల్లలు, బేల్దారి పనివాళ్ళు, ఆసుపత్రికి వచ్చే ముసలివాళ్ళు దిగుతుంటారు. ఊరికి పని చేసేవాళ్ళు టౌన్లో ఉంటున్నారు, టౌనుకు పని చేసేవాళ్ళు ఊళ్ళో ఉంటున్నారు. ఇది ఎప్పుడైనా ఆలోచించారా? ఎందుకిలా జరిగింది?

పిల్లల చదువు కోసం అని అందరూ చెప్తారు, అది నిజమే. మన దగ్గర చదువు ఎప్పుడూ టౌన్లలోనే పెట్టారు. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ 40ల నాటిది, కర్నూలు మెడికల్ కాలేజీ 1957, ఇక్కడ శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ 1981. ఇంటర్ మంచిగా చదవాలంటే టౌను, ఎంసెట్ కోచింగు అంటే టౌను. కానీ ఇంకో కారణం ఉంది, దాన్ని గట్టిగా చెప్పరు. భయం. సీమలో కక్షలున్న ఊళ్ళలో మగపిల్లలు పద్నాలుగు, పదిహేనేళ్ళకు వస్తున్నారంటే తల్లికి నిద్ర పట్టేది కాదు. ఏ గొడవలో ఇరుక్కుంటాడో, ఎవడు వెనకేసుకు తిప్పుతాడో అని. అలాంటి తల్లులు పట్టుబట్టి కర్నూల్లోనో, అనంతపురంలోనో, ప్రొద్దుటూర్లోనో ఒక చిన్న గది బాడుగకు తీసుకుని, పిల్లల్ని పెట్టుకుని ఉన్నారు, భర్త ఊళ్ళో సేద్యం చూసుకుంటుంటే. ఒక ఇల్లు రెండు పొయ్యిలు అయింది. ఆ తల్లులు తీసుకున్న నిర్ణయం వల్ల ఎంతమంది ప్రాణాలతో మిగిలారో ఏ లెక్కలోనూ ఉండదు. నేను వాళ్ళకు చేతులెత్తి దండం పెడతాను.

ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. ఊరు అందరికీ ఒకటి కాదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ మాట్లాడుతూ ఊరిని పొగిడేవాళ్ళను గట్టిగా నిలదీశాడు. ఊళ్ళో అజ్ఞానం ఉంది, ఇరుకుతనం ఉంది, కుల మతాల పట్టింపు ఉంది అన్న అర్థంలో చెప్పాడు. ఆయన చెప్పింది మన ఎస్సీ కాలనీల్లో వాళ్ళకు పుస్తకం చదవకుండానే తెలుసు. టీ గ్లాసు వేరుగా పెట్టిన ఊరిని వదిలి టౌనుకు పోవడం వాళ్ళకు బాధగా ఎందుకుంటుంది? వాళ్ళకు అది గౌరవం వెతుక్కుంటూ పోవడం. అయితే టౌన్లో కూడా ఇల్లు బాడుగకు అడిగితే ముందు మీరెవరు అంటారు, ఎవరు అంటే దేని గురించి అడుగుతున్నారో అందరికీ తెలుసు. ముస్లిం కుటుంబాలకు కూడా ఇదే. ఇద్దరూ ఉద్యోగస్తులు, బాడుగ నెల నెలా కట్టగలరు, అయినా ఇల్లు దొరకదు. చివరికి వాళ్ళవాళ్ళు ఉన్న వీధికే చేరతారు. తర్వాత మనమే అంటాం, వాళ్ళంతా ఒకచోటే ఉంటారని. ఈ హాల్లో ఇళ్ళున్నవాళ్ళు, బాడుగకిచ్చేవాళ్ళు ఉన్నారు. మిమ్మల్ని నేరుగా అడుగుతున్నాను, ఆ ప్రశ్న అడగడం మానేయండి. రేపటి నుంచే మానేయండి.

సరే, మా తర్వాతి తరం. 90ల చివరి నుంచి ప్రశ్న ఇదీ, అబ్బాయి బెంగళూరా, హైదరాబాదా? అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్ల పైచిలుకు. కర్నూలు నుంచి హైదరాబాదు కూడా దాదాపు అంతే. కాబట్టి అనంతపురం, హిందూపురం పిల్లలు దక్షిణానికి, కర్నూలు పిల్లలు ఉత్తరానికి. కడపవాళ్ళు అన్ని దిక్కులకూ, బెంగళూరు, హైదరాబాదు, చెన్నై, ఇక రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు నుంచి కువైట్. ఆ వైపు ఊళ్ళు చూడండి, కువైట్ డబ్బుతో కట్టిన మిద్దెలు, గ్రానైట్ మెట్లు, స్టీలు రెయిలింగు, లోపల ఉండేది ఒక అవ్వ, ఒక మనవడు. మగవాళ్ళు డ్రైవర్లుగా పోయారు, ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి పోయారు. తమ పిల్లల్ని తల్లి దగ్గర వదిలి ఇంకొకరి పిల్లల్ని ఎత్తుకోవడానికి పోయారు. పాసుపోర్టు చేతిలో ఉన్నంత మాత్రాన ఇష్టపడి పోయారనేద్దామా?

ఇష్టం అన్న మాట వచ్చింది కాబట్టి లెక్కలు తీస్తాను. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముందున్న చోటు వదిలి వేరేచోట ఉంటున్నవాళ్ళు 45 కోట్లకు పైగా. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఆడవాళ్ళు. ఆడవాళ్ళు చెప్పిన కారణాల్లో అన్నిటికంటే పెద్దది పెళ్ళి. వలస అనగానే మన కళ్ళ ముందు భుజాన సంచి వేసుకున్న మగవాడు కనిపిస్తాడు, కానీ ఈ దేశంలో ఊరు మారేది ఎక్కువగా ఆడపిల్ల. తల్లి నీళ్ళు ఎంత దూరమని అడిగింది, తండ్రి ఉద్యోగం అడిగాడు, పిల్లను అడిగినవాళ్ళు ఎవరు? నన్ను ఎవరూ అడగలేదు. ఇక్కడున్న పెద్దక్కలు చెప్పండి, మిమ్మల్ని అడిగారా? ఆ, తలలూపుతున్నారు. లేదు కదా.

2011 తర్వాతి లెక్క 2021లో జరగాల్సింది, అప్పుడు జరగలేదు. ఆ లెక్కకే అందనివాళ్ళు ఇంకా ఉన్నారు. ఆదోని, కోసిగి, కౌతాళం వైపు సుగ్గికి పోయేవాళ్ళు. సంక్రాంతి అటూ ఇటూ లారీల్లో, ఆటోల్లో వంటసామాను, కోళ్ళు, పిల్లలు, అందరినీ ఎక్కించుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. వీధులకు వీధులే తాళాలు. జనాభా లెక్క తీసేది ఫిబ్రవరిలో, మిరపకోత కూడా అప్పుడే. ఎన్యూమరేటరు తలుపు తడితే తాళం. వాళ్ళు ఏ ఊరివాళ్ళని రాయాలి? గుంటూరు చేలో టార్పాలిన్ పట్ట కింద నాలుగు నెలలు ఉండేవాళ్ళకు ఎక్కడ ఉండాలన్న ప్రశ్నే పుట్టదు. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెడతారు, ముసలివాళ్ళు ఉన్న ఇళ్ళ పిల్లలు ఆ భరోసాతో ఆగుతారు, లేని ఇళ్ళ పిల్లలు తల్లిదండ్రులతో పోతారు. మార్చిలో పరీక్షలకు బెంచీలు ఖాళీ. కదిరి వైపు నుంచి కేరళకు, బెంగళూరుకు కూలికి పోయేవాళ్ళదీ ఇదే పరిస్థితి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు నిండినప్పుడు, 1981 ప్రాంతంలో, కర్నూలు జిల్లాలో ఊళ్ళు మునిగినవాళ్ళకూ ఎక్కడ ఉండాలో ఎంచుకునే వీలు లేదు. తరాల ఇష్టాల గురించి మాట్లాడేటప్పుడు వీళ్ళను పక్కన పెట్టి మాట్లాడితే అది అబద్ధం అవుతుంది, అందుకే ఇంతసేపు చెప్పాను.

ఇప్పుడు నేను ముఖ్యం అనుకునే దగ్గరికి వస్తాను.

ఈమధ్య ఊళ్ళలో అందరూ చెప్పే బాధ, సేద్యం చేసే అబ్బాయికి పిల్ల దొరకడం లేదని. పదెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది, డ్రిప్ ఉంది, కారు ఉంది, ముప్పై అయిదేళ్ళు వచ్చాయి, పెళ్ళి కాలేదు. ఆ అబ్బాయిల ముఖాలు చూస్తే నాకు కష్టంగా ఉంటుంది, వాళ్ళలో నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఉన్నారు, మంచి పిల్లలు. పెద్దవాళ్ళు మాత్రం ఆడపిల్లల్ని తిడతారు. ఊరు వద్దంట, సోకులంట, అత్తమామలు వద్దంట అని. అన్నా, ఒక్క నిమిషం ఆగి చూడండి. మీ అవ్వకు సంబంధం చూసేటప్పుడు నీళ్ళు లేని ఊరు వద్దన్నారు. అప్పుడది తెలివి. ఇప్పుడు ఆ పిల్ల ఏమంటోంది? నేను బీటెక్ చదివాను, మీ ఊళ్ళో నేను చేసే పని ఏముంది అంటోంది. రెండూ ఒకటే ప్రశ్న. పిల్ల అక్కడ బతకగలదా లేదా? అప్పుడు బతకడానికి నీళ్ళు కావాలి, ఇప్పుడు సొంత సంపాదన కూడా కావాలి. తేడా ఏమిటంటే, మొట్టమొదటిసారి ఆ ప్రశ్న పిల్లే అడుగుతోంది. తల్లి చాటున కాదు, తండ్రి నోటితో కాదు, ఎదురుగా కూర్చుని తనే అడుగుతోంది. ఎన్ని తరాల తర్వాత అడుగుతోంది! దాన్ని తప్పంటే నేను ఒప్పుకోను.

సేద్యం ఇంట్లో పుట్టిన అమ్మాయికి పొలం పని రాదా? వస్తుంది. కానీ ఆ పొలంలో ఆమె పేరు ఉందా? పాసుపుస్తకంలో ఉందా, బ్యాంకు ఖాతాలో ఉందా? పొద్దున లేచి పాడి చూసి, కూలీలకు వండి, కలుపు తీసి, చీనీకాయలు అమ్మిన డబ్బు మామగారి చేతిలో పడితే, ఆమె చీర కొనుక్కోవాలన్నా అడుక్కోవాలి. బెంగళూరులో పద్దెనిమిది వేల జీతమైనా ఆమె ఫోనుకు మెసేజ్ వస్తుంది. ధర్మవరంలో మగ్గం ఇళ్ళు చూడండి, పని ఇంట్లోనే ఉంది, ఆడవాళ్ళు కండెలు చుడతారు, నేస్తారు కూడా, అక్కడైనా కూలి డబ్బు ఎవరి చేతికొస్తుందో అడిగి చూడండి. పెళ్ళికాని కొడుకులున్న తండ్రులకు ఒకటే మాట చెప్తాను, కోడలి పేరు మీద రెండెకరాలు రాయడానికి సిద్ధపడి, ఆ మాట మొదటే చెప్పి సంబంధం అడగండి. ఎవరైనా అలా అడిగి చూశారా ఇప్పటిదాకా?

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు బెంగళూరు పిల్లలంతా లాప్‌టాపులు పట్టుకుని ఊళ్ళకు వచ్చారు. మీ ఇళ్ళకూ వచ్చుంటారు. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కి మీటింగులు చేశారు. ఆ ఏడాది, ఆపై ఏడాది పెద్దవాళ్ళకు ఎంత ఆశ పుట్టిందో! ఇక ఇక్కడే ఉండిపోతారేమో అనుకున్నారు. ఆఫీసులు పిలిచాయి, చాలామంది వెళ్ళిపోయారు. కానీ ఆ రెండేళ్ళలో నాకొకటి కనిపించింది. అబ్బాయిలు కొంతకాలం ఇక్కడే ఉంటామన్నారు, అమ్మాయిలు ముందు బయల్దేరారు. ఎందుకు? అబ్బాయి మీటింగులో ఉంటే టీ లోపలికి వచ్చేది. అమ్మాయి మీటింగులో ఉంటే, అది పక్కన పెట్టమ్మా, వాళ్ళొచ్చారు కాఫీ పెట్టు అన్నారు. అదే ఇల్లు, అదే ఇంటర్నెట్. ఇద్దరికీ ఒకేలా లేదు. కాబట్టి పిల్లలు ఎందుకు రారు అని అడిగే ముందు, ఏ పిల్ల, ఏ ఇంటికి అని అడగాలి.

మన చుట్టుపక్కల పనులు లేవా అంటే ఉన్నాయి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవడం మొదలైంది. బెంగళూరు ఎయిర్‌పోర్టు 2008లో దేవనహళ్ళికి, అంటే మన వైపుకు, జరిగింది. హిందూపురం నుంచి బెంగళూరు మూడు గంటల లోపే. మధ్య ఊళ్ళలో ఉండి పని చేసుకోవచ్చు అనే పరిస్థితి వస్తోంది. కానీ చూడండి, హిందూపురంలో, పెనుకొండలో, మన అనంతపురంలో కూడా, ఉద్యోగం చేసే ఒంటరి అమ్మాయికి ఇల్లు బాడుగకు ఇచ్చేవాళ్ళు ఎంతమంది? ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు మంచి హాస్టళ్ళు ఎన్ని? సెకండ్ షిఫ్ట్ దిగాక రాత్రి పది తర్వాత బస్సు ఉందా? ఈ మూడూ కార్పొరేషనూ, ఆర్టీసీ, కంపెనీలు కలిసి చెయ్యగల పనులు. చెరువు తవ్వడమంత కష్టం కాదు. మన పెద్దలు చెరువులు తవ్వారు.

చివరగా నా వయసువాళ్ళకు, పెద్దవాళ్ళకు. రిటైరవగానే వచ్చిన డబ్బుతో మనమంతా ఒకే పని చేస్తున్నాం, కొడుకు కోసం పైమిద్దె వేస్తున్నాం. కింద మనం, పైన వాడు. వాడు బెంగళూరులో ఏ మారతహళ్ళిలోనో ఫ్లాటుకు ఈఎంఐ కడుతుంటాడు. పైమిద్దె సంక్రాంతికి ఒకసారి ఊడ్చి తలుపులు వేస్తాం. మనం వాళ్ళ దగ్గరికి పోతే పన్నెండో అంతస్తులో పలకరించేవాళ్ళు లేక, ఇక్కడికొస్తే రాత్రిపూట గుండెనొప్పి వస్తే తీసుకెళ్ళేవాళ్ళు లేక, ఆర్నెల్లు అక్కడ ఆర్నెల్లు ఇక్కడ తిరుగుతున్నాం. ఇది మన తరానికే వచ్చిన ప్రశ్న, మన ముందువాళ్ళకు లేదు, కాబట్టి వాళ్ళనుంచి నేర్చుకోవడానికి కూడా ఏమీ లేదు. మనమే తేల్చుకోవాలి.

పైమిద్దెకు ప్లాను గీయించే ముందు కొడుకునే కాదు, కోడల్ని అడగండి, కూతుర్ని కూడా అడగండి. ఇక్కడికొచ్చి ఉంటారా, ఉండాలంటే ఏం కావాలి అని అడగండి. ఉండం అంటే ఏడవకండి, ఆ డబ్బు దాచుకోండి. కింది బాత్రూములో జారని బండలు వేయించుకుని, పట్టుకోవడానికి ఒక కమ్మీ పెట్టించుకోండి. కట్టేసిన పైమిద్దె ఖాళీగా ఉంటే తాళం వెయ్యొద్దు, ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మకో, కాలేజీలో చేరిన లెక్చరరు అమ్మాయికో బాడుగకివ్వండి, ఎవరని అడక్కుండా ఇవ్వండి. రాత్రిపూట ఇంట్లో ఇంకో మనిషి ఉంటుంది, ఆ అమ్మాయికి టౌన్లో ఒక చోటు దొరుకుతుంది.

ప్రశ్నలుంటే అడగండి, హాలు ఏడున్నరకు మూసేస్తారట. ఆడపిల్లలు ముందు అడగండమ్మా.